నీళ్ళ తొట్టిలో ఆరు దిమ్మెలు

నిప్పు మేస్త్రి ఒక ఇటుకను నమ్మాలంటే అది నాలుగు పరీక్షలు దాటి రావాలి. మొదట రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టాలి, ఖంగుమనాలి. తర్వాత మేకుతో గీయాలి, గీత పడకూడదు. నడుమెత్తు నుంచి నేల మీదికి వదలాలి, విరగకూడదు. చివరగా నీళ్ళ తొట్టిలో నానబెట్టి, తీసి, తూచాలి, తాగిన నీరు హద్దులో ఉండాలి. నలభై ఏళ్ళ పాటు ఈ నాలుగూ దాటని ఇటుక ఆయన బట్టీ గేటు దాటలేదు. మంట రంగును బట్టి లోపల ఇటుక ఎంత కాలిందో చెప్పేవాడు కాబట్టి ఆయనకు నిప్పు మేస్త్రి అన్న పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడం మానేసి చాలా కాలమైంది.

"నన్ను కట్టుకునే ముందు ఈయన ఏమేం పరీక్షలు చేశారో నాకు తెలియదు. తొట్టిలో మాత్రం వేయలేదు, నా అదృష్టం" అని ఆయన భార్య వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆ మాటకు ఆయన నవ్వేవాడు కాదు. తొట్టిని ఎగతాళి చేయడం ఆయనకు నచ్చేది కాదు.

రెండేళ్ళ క్రితం బట్టీ చల్లారింది. ఎవరూ బలవంతం చేయలేదు. చుట్టూ ఇళ్ళు పెరిగాయి, మట్టి తవ్విన గొయ్యి పెద్దదై రోడ్డు అంచుకు వచ్చింది. ఒక ఉదయం ఆయన పొగగొట్టం నుంచి బయలుదేరిన పొగ వెంట చూపు సాగించి, అది ఎవరి మేడ మీద ఆరేసిన దుప్పటి మీద వాలుతుందో చూశాడు. ఆ సాయంత్రమే పనివాళ్ళతో, ఇక ఆపేద్దాం అని తేలిగ్గా, భోజనానికి లేద్దాం అన్నట్టుగా అన్నాడు. బట్టీని ఆర్పగలిగాడు కానీ తనలోని బట్టీ మేస్త్రిని ఆర్పలేకపోయాడు. రోజూ పొద్దున్నే పనికి వెళ్ళే చొక్కాయే తొడుక్కుని, చేయడానికి ఏమీ లేని ఆవరణలోకి నడిచి వెళ్ళేవాడు.

ఆవరణ పూర్తిగా ఖాళీగా లేదు. పచ్చి ఇటుకలు ఆరబెట్టే పాత షెడ్డులో ఆయన కూతురు ఒక చేతి ప్రెస్సు పెట్టింది. అంతకుముందు ఆమె ఒక ఆఫీసులో ఇళ్ళ ప్లానులు గీసేది. ఊళ్ళో ఇళ్ళ పునాదులకు తవ్వి, ఎక్కడ పారబోయాలో తెలియక కుప్పలు పోసిన మట్టిని ఆమె తెచ్చేది. దాన్ని జల్లెడ పట్టి, కొంత ఇసుక కలిపి, కొద్దిగా తడిపి, ప్రెస్సు పెట్టెలో పోసేది. పొడుగాటి లీవరును కిందికి లాగితే మట్టి అణిగి, అంచులు కత్తిరించినట్టున్న దిమ్మె పైకి లేచేది. దాన్ని కాల్చే పని లేదు. నీడలో నాలుగు వారాలు ఆరితే గోడకు సిద్ధం. కట్టె లేదు, పొగ లేదు.

లీవరు లాగేది మేస్త్రి బావమరిది. ఒకప్పుడు బట్టీలో కట్టె వేసిన మనిషి, నిండైన విగ్రహం. "ఇంతకాలం మా అక్క నన్ను బరువని దెప్పింది. ఇప్పుడు ఆ బరువుకే ఉద్యోగం దొరికింది" అంటూ లీవరుకు వేలాడేవాడు.

కూతురి పనిని మేస్త్రి ఎన్నడూ తప్పు పట్టలేదు, దాని గురించి ఏమీ అడగనూ లేదు. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, పొరుగింటి వాకిలిలోకి చూసినట్టు ఒకసారి చూసి, "బాగుంది తల్లీ" అని వెళ్ళిపోయేవాడు. సరిగా చూడని వాళ్ళు అనే మాట అది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మట్టికి స్థిరత్వం నిప్పులోనే వస్తుందని, తిరిగి మట్టి కాలేనిదే ఇటుక అని ఆయన నమ్మకం. నిప్పు చూడని దిమ్మెను పొగిడితే నలభై ఏళ్ళ బతుకు అబద్ధమవుతుంది, తిడితే కూతురు నొచ్చుకుంటుంది. అందువల్ల ఆయన ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు చోట నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

అంతవరకు ఆ దిమ్మెలతో కట్టినవి ఒక ప్రహరీ గోడ, ఒక కోళ్ళ షెడ్డు. ఇప్పుడు గ్రంథాలయానికి కొత్త చదువుల గది కట్టాలనుకున్నారు. పని చూసే ఇంజనీరమ్మ వచ్చి, షెడ్డంతా తిరిగి, తనకు తోచిన చోట నుంచి ఆరు దిమ్మెలు తీయించి, ఒక్కొక్కదానికి సంతకం చేసిన చీటీ అంటించింది. శుక్రవారం వచ్చి తీసుకువెళ్తానని, సోమవారం తన ఆఫీసు యంత్రంలో నలిపి చూస్తానని చెప్పింది. నిలిస్తే గది గోడలన్నీ ఈ దిమ్మెలతోనే. నిలవకపోతే సిమెంటు దిమ్మెల లారీ మంగళవారం వచ్చేస్తుంది.

ఆ రోజు అన్నాల దగ్గర కూతురు తల్లితో అంది: "ఇది కూడా కుదరకపోతే ప్రెస్సు మీద గోనె కప్పేసి, మళ్ళీ ఆఫీసుకెళ్ళి గీతలు గీసుకుంటానమ్మా." చాలా తేలిగ్గా అంది. వసారాలో కూర్చున్న మేస్త్రికి ఆ తేలికదనం ఎక్కడిదో తెలుసు. బట్టీ ఆపేద్దాం అన్న సాయంత్రం తన గొంతులో ఉన్నదే అది.

గురువారం మధ్యాహ్నం కూతురు, బావమరిది మట్టి తేవడానికి ట్రాలీ తీసుకుని వెళ్ళారు. మేస్త్రి షెడ్డులోకి వచ్చాడు, ఈసారి గుమ్మం దాటి. ఇంజనీరమ్మ యంత్రం కంటే ముందు తానే ఒకసారి చూడాలనిపించింది. ఎవరూ లేనప్పుడు చూడటంలో ఒక సౌకర్యం ఉంది. ఫలితం ఏదైనా మొహం మీద ఏ భావం పెట్టుకోవాలో ఆలోచించక్కర్లేదు.

వరసల్లో ఉన్న మంచి దిమ్మెలను ముట్టుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. పిల్ల కష్టం, అనవసరంగా పాడు చేయడమెందుకు? పక్కగోడ దగ్గర ఒక బల్ల ఉంది. బట్టీ రోజుల నుంచీ ఆ బల్ల మీద పెట్టేవి తీసివేతలే: వంకరవి, మూల విరిగినవి, కాలీకాలనివి. ఇప్పుడు దాని మీద ఆరు దిమ్మెలు విడిగా ఉన్నాయి. పనికిరానివి కాబోలు, వీటికే పరీక్ష పెడితే ఎవరికీ నష్టం లేదని ఆయన అనుకున్నాడు. తన పొదుపుకు తానే కొంచెం సంతోషించాడు కూడా.

కళ్ళజోడు వసారాలోనే మరిచిపోయాడు, తట్టడానికి చెవి చాలుననుకుని రెండు తీసి తట్టాడు. ఖంగుమనలేదు. తలుపు అవతల ఎవరో దిండు కొట్టినట్టు డబ్ అంది. మేకుతో గీశాడు. గీత పడింది, కానీ తొందరపడలేదు, కాస్త ఆలోచించి పడింది. నడుమెత్తు నుంచి వదిలాడు. ఒక మూల పిసరంత రాలింది, అంతే, దిమ్మె దిమ్మెగానే ఉంది. తీసివేతలే ఇలా ఉంటే మంచివి ఎలా ఉంటాయో అనుకున్నాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆయనకు ఆ షెడ్డులో ఉత్సాహం కలిగింది. ఆ ఉత్సాహంలోనే నాలుగో పరీక్షకు తొట్టి నింపాడు. బట్టీ పద్ధతి ప్రకారం ఆరు నానబెట్టాలి. బల్ల మీద ఉన్నవీ సరిగ్గా ఆరే. రెండేసి చొప్పున చివరలు పట్టుకుని, నీళ్ళు చిందకుండా, పసిబిడ్డకు స్నానం చేయించేవాడిలా లోపలికి దించాడు. అవి బుడగలు వదిలాయి. ఇటుకలూ వదులుతాయి కాబట్టి ఆయన ఏమీ అనుమానించలేదు. వసారాలోకి వెళ్ళి, టీ తాగి, కుర్చీలోనే కునుకు తీశాడు.

రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే తొట్టిలో దిమ్మెలు లేవు.

ఎవరైనా తీశారేమోనని మొదట అటూ ఇటూ చూశాడు. తర్వాత చేయి లోపల పెట్టాడు. టీలో మరిచిపోయిన బిస్కెట్టులా, వేళ్ళకు మెత్తగా, ఆకారం లేకుండా ఏదో తగిలింది. నీళ్ళు ఎర్రగా చిక్కబడ్డాయి. ఆరు దిమ్మెలూ ఒక్కటైపోయి అడుగున హాయిగా పడుకున్నాయి.

అప్పుడు ఆయనలో రెండు సంగతులు జరిగాయి. గుండె జారిపోయింది, పిల్ల రెండేళ్ళ పని నీటి పాలైంది. కానీ దానికంటే ఒక క్షణం ముందు, అర క్షణమే కావచ్చు, "నేను అనుకోలేదూ" అన్న ఒక చిన్న సంతోషం లోపల తలెత్తింది. అది ఎంత త్వరగా అణిగినా, తలెత్తడం ఆయన చూశాడు. కాలిన ఇటుకలో లోపం బయటి నుంచి కనిపించదు, పగలగొడితేనే తెలుస్తుంది. తన సంగతీ అంతేనని, ఈ తొట్టి దిమ్మెల కంటే ముందు తననే పరీక్షించిందని ఆయనకు అనిపించింది.

సిగ్గుతో తల వంచినప్పుడు నీటి మీద తేలుతున్న కాగితాలు కనిపించాయి. ఒకటి కాదు, ఆరు. తీసి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆరింటి మీదా ఒకే సంతకం, తేదీతో సహా. బాల్‌పెన్ను సిరా చెక్కు చెదరలేదు. దుమ్ము పడకుండా చీటీ వైపు కిందికి తిప్పి కూతురు వాటిని బల్ల మీద జాగ్రత్త చేసిందన్నమాట.

భార్య ఆరిన బట్టలు తీయడానికి వచ్చేసరికి దండెం మీద చీరకూ తువ్వాలుకూ మధ్య ఆరు చీటీలు క్లిప్పులతో వేలాడుతున్నాయి.

"ఏమిటండీ ఇవి?"

"ఇంజనీరమ్మ సంతకాలు."

"సంతకాలు ఉతికారా?"

ఆయన జరిగిందంతా చెప్పాడు. బావుండని చోట కూడా దాచలేదు, ఆ అర క్షణం సంతోషం సంగతి తప్ప. ఆమె తొట్టి వైపు, చీటీల వైపు, భర్త వైపు వరసగా చూసి, బట్టలు భుజాన వేసుకుంది. అమ్మాయి వచ్చాక తానేమీ చెప్పనని, ఆయన నోటితో ఆయనే చెప్పాలని అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, తువ్వాలు మాత్రం ఇంకా తడిగానే ఉందని, చీటీలతోపాటు ఉంచమని చెప్పింది.

ట్రాలీ వచ్చింది. మేస్త్రి ఏ ముందుమాటా లేకుండా కూతుర్ని తొట్టి దగ్గరికి తీసుకువెళ్ళాడు. వెనకే బావమరిది వచ్చాడు. ఆమె వంగి చూసింది. చేయి పెట్టి పిడికెడు బురద తీసి, వేళ్ళ మధ్య రుద్దింది.

"దిమ్మెలే?" అంది.

"దిమ్మెలే."

"ఎంతసేపట్లో కరిగాయి?"

"రెండు గంటల తర్వాత చూశాను."

"ఒక గంట కూడా ఆగవనుకున్నాను. ఆగాయా?"

"నేను చూడలేదు, నిద్రపోయాను" అన్నాడు మేస్త్రి. ఆమె మొహంలో దుఃఖం లేకపోవడం ఆయనకు అర్థం కాలేదు. "కరుగుతాయని నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా. వీటిలో నేను సిమెంటు గానీ సున్నం గానీ వేయలేదుగా. నీళ్ళలో వేస్తే మట్టి మట్టే అవుతుంది. అందుకే గోడకు కింద రెండు వరసలు కాలిన ఇటుక, పైన మూరెడు చూరు."

"కాలిన ఇటుక ఎక్కడిది?"

"నీదే. షెడ్డు వెనక పేర్చి ఉన్న ఆఖరి వాయి. ప్లానులో గీసి ఏడాది దాటింది."

ఆయన షెడ్డు వెనక వైపు తల తిప్పాడు. "నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

నిష్ఠూరం కాదు. వాన పడలేదు అన్నంత మామూలుగా అంది. అందువల్లే ఆ మాట చాలాసేపు ఆయన చెవిలోనే ఉండిపోయింది.

తర్వాత ఆయన దండెం వైపు చేయి చూపించాడు. కూతురు చీటీలను చూసింది, బల్లను చూసింది, తిరగేసిన ఖాళీ బకెట్టు మీద కూర్చుంది. మొహంలోని కుతూహలం మెల్లగా దిగిపోయింది.

"పక్క బల్ల మీదివి" అన్నాడు మేస్త్రి. "తీసివేతలనుకున్నాను. మంచివాటిని పాడు చేయడం ఎందుకని."

బావమరిది నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఆ బల్ల మీద కుంటి ఇటుకలు మోసిపెట్టింది తనేనని, మంచివి అక్కడ పెడుతుంటే తనకైనా తట్టాల్సిందని ఒప్పుకున్నాడు. ఆపైన గొంతు తగ్గించి, అంత భారీ మనిషీ సన్నగా అన్నాడు: "బావా, చీటీలు ఆరిపోయాయి. ఇంట్లో జిగురుంది. వరసలో ఎనిమిది వందలున్నాయి. ఏ ఆరైనా ఒక తల్లి బిడ్డలే."

మేస్త్రి కూతురి మొహం చూశాడు. ఆమె వద్దనలేదు. కానివ్వమనీ అనలేదు. ఆ మాట విన్నప్పుడు ఆమె కళ్ళు ఒక్కసారి వరసల వైపు వెళ్ళి వచ్చాయి, అంతే. రెండేళ్ళు ఒంటరిగా చేసిన పనికి ఒక చిన్న మెలిక సరిపోతుందంటే ఎవరి కళ్ళైనా వెళ్తాయి. ఆ చూపును ఆయన తప్పు పట్టలేదు. ఆమెను ఆ చూపు దాకా తెచ్చింది తానేనని మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. నిజానికి బావమరిది అన్నదాంట్లో అబద్ధం కూడా పెద్దగా లేదు. దిమ్మెలన్నీ ఒకే మట్టి, ఒకే లీవరు. కానీ ఆ సంతకం ఈ దిమ్మెలను నేను చూశాను అని చెబుతోంది. చూడనివాటికి దాన్ని అంటిస్తే, గోడ ఎంత గట్టిగా నిలిచినా, ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా కూతురు ఒక మూల వైపు చూడకుండా నడవాల్సి వస్తుంది.

"వద్దు" అన్నాడు. "రేపు నేను చెప్తాను."

శుక్రవారం ఇంజనీరమ్మ జీపు దిగేసరికి షెడ్డు ముందు తొట్టి ఉంది. తొట్టి పక్కన మేస్త్రి ఉతికిన చొక్కాలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆరు చీటీలు, పేకముక్కల్లా వరసగా. ఇంజనీరమ్మ పొట్టిగా, సన్నగా ఉండే నడివయసు మనిషి. మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీసి పెడుతూ ఉంటుంది. మేస్త్రి చెబుతున్నంతసేపూ ఆమె పెన్ను మూత తెరిచే ఉంచింది, కానీ ఏమీ రాయలేదు.

అంతా విని, సంతకం చేసిన నమూనాలు పోతే సరుకు మొత్తాన్ని తిరస్కరించే అధికారం తనకుందని చెప్పింది. తెలుసండీ అన్నాడు ఆయన. కూతురు వెనక నిలబడి లీవరు పట్టుకుంది, లాగడానికి కాదు, ఊరికే.

"ఈ చీటీలు వేరే వాటికి అంటించి ఉంటే నాకు తెలిసేదా?" అంది ఇంజనీరమ్మ.

"తెలిసేది కాదండీ. జిగురు కూడా ఉంది ఇంట్లో."

ఆమె తొట్టిలోకి వంగి చూసింది. "మీరు బట్టీ మేస్త్రి. మిమ్మల్నే అడుగుతాను. నీళ్ళలో వేస్తే ఇలా అయ్యే దానితో గది కట్టొచ్చా?"

ఆ ప్రశ్న ఆయనదే. రెండేళ్ళుగా నోరు విప్పకుండా కూతుర్ని అడుగుతున్నది అదే. ఇప్పుడు ఎవరో దాన్ని ఆయన చేతికే తిరిగి ఇచ్చారు.

"నిన్న మధ్యాహ్నం అడిగితే కట్టకూడదనే చెప్పేవాడినండీ" అన్నాడు నెమ్మదిగా. "రాత్రంతా ఆలోచించాను. పుస్తకాలూ నీళ్ళలో వేస్తే పోతాయి. అయినా వాటిని కాల్చి గట్టిపరచం కదా, తడవని చోట పెడతాం. దీనికీ కింద రెండు వరసలు నా ఇటుక ఉంటుంది, పైన మూరెడు చూరుంటుంది. మా అమ్మాయి గీసింది. నేనే చూడలేదు."

ఇంజనీరమ్మ పెన్ను మూత పెట్టేసింది. షెడ్డులోకి వెళ్ళి, వరసల కింది నుంచి, నడిమి నుంచి, మూలల నుంచి ఆరు దిమ్మెలు తానే లాగింది. ఒకదాని కోసం బావమరిది చేత రెండు వరసలు దింపించింది కూడా. ఈసారి చీటీలు అంటించలేదు. తిన్నగా జీపులో పెట్టించింది.

"ఇక్కడ వదిలితే మీరు మళ్ళీ స్నానం చేయిస్తారు" అంది మేస్త్రితో. ఆయన నవ్వాడు. తొట్టి మీద వేసిన హాస్యానికి ఆయన నవ్వడం అదే మొదలు. భార్య ఆ సంగతి తర్వాత చాలా మందికి చెప్పింది.

సోమవారం ఇంజనీరమ్మ ఆఫీసు వెనక గదికి తండ్రీ కూతుళ్ళిద్దరూ వెళ్ళారు. గది మధ్యలో రెండు ఇనుప పలకల యంత్రం, పక్కన గడియారంలాంటి ముల్లు. ముల్లు ఎర్ర గీత దాటాలి. దాటని దిమ్మె ఒక్కటున్నా మంగళవారం లారీ వస్తుంది. కూతురు ముల్లునే చూస్తోంది. మేస్త్రి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఇటుక గట్టిదో కాదో ఆయన ఎప్పుడూ కళ్ళ కంటే ముందు చెవితోనే తేల్చేవాడు.

పలకలు బిగిశాయి. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు కొత్త. కాలిన ఇటుక బరువు పడగానే ముందే చిటపటమంటుంది, హఠాత్తుగా పేలి ముక్కలవుతుంది. ఇది మాట్లాడలేదు. బరువు పెరుగుతూ పోయింది, ఇది సర్దుకుంటూ పోయింది. చివరికి ఎక్కడో లోతున నిద్రలో ఒత్తిగిలిన మనిషి మూలిగినట్టు ఒక మెత్తటి శబ్దం వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు. ముల్లు ఎర్ర గీత దాటి వెళ్ళి ఆగి ఉంది.

రెండోది దాటింది, మూడోదీ దాటింది. నాలుగోది గీత దగ్గర తచ్చాడింది. మూలిగిందా అన్నట్టు ఇంజనీరమ్మ మేస్త్రి వైపు చూసింది. "ఇంకా లేదు" అన్నాడు మేస్త్రి, కళ్ళు మూసుకునే. ముల్లు వెంట్రుకవాసి ముందుకు జరిగి గీత దాటింది, అప్పుడు మూలిగింది. ఐదు, ఆరు పెద్ద ఇబ్బంది పెట్టలేదు. ఇంజనీరమ్మ కాగితం మీద ఆరు అంకెలు రాసి కింద సంతకం చేసింది. దీన్నైనా జాగ్రత్తగా ఉంచమని చెప్పి, మేస్త్రికి కాక కూతురి చేతికి ఇచ్చింది.

కూతురు కాగితం పట్టుకుని, తండ్రి భుజానికి ఒకసారి తల ఆనించి తీసేసింది, అంతలోనే, ఎవరూ చూడలేదన్నంత వేగంగా. మేస్త్రి ఇంటి నుంచి తెచ్చిన గోనెసంచి విప్పి, యంత్రం కింద రాలిన పొడీ ముక్కలూ చీపురుతో ఊడ్చి అందులో పోసుకున్నాడు. అవి ఎందుకని ఇంజనీరమ్మ అడిగింది. ఇవి పారేసేవి కావండీ, మళ్ళీ తడిపి నొక్కితే దిమ్మె అవుతాయని చెప్పాడు. నలభై ఏళ్ళ తన తీసివేతలు బట్టీ వెనక గుట్టగా పడి ఉన్నాయని, దాని మీద గడ్డి కూడా మొలవలేదని, ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చిందని కూడా చెప్పాడు. అడగని సంగతి ఆయన చెప్పడం కూతురు విస్తుపోయి చూసింది.

రెండు వారాల తర్వాత గది లేవడం మొదలైంది. కింది రెండు వరసలు మేస్త్రి తానే పేర్చాడు, ఒక్కొక్కదాన్ని తట్టి, ఖంగుమనిపించి. పని ఆలస్యమవుతోందని తాపీ పనివాళ్ళు గొణిగారు. ఆ వరసల మీద మొదటి దిమ్మె కూతురు పెట్టింది. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య వేసే అడుసు తొట్టిలోనిదే. ఇన్నాళ్ళూ తడి గోనె కప్పి ఉంచి, జల్లెడ పట్టి, మరికొంత మట్టి కలిపి ఆమె దాన్ని సిద్ధం చేసింది. బావమరిది తాపీతో అడుసు పరుస్తూ, ఇంజనీరమ్మ సంతకం చేసిన దిమ్మెలు ఇందులోనే ఉన్నాయని, గోడ మొత్తానికీ ఆవిడ సాక్షి సంతకం పడిపోయిందని అన్నాడు.

మేస్త్రి ఇటుకా దిమ్మే కలిసిన అతుకు మీద వేలు పెట్టి చూశాడు. కింద తన ఇటుక. నిప్పులోకి వెళ్ళి వెనక్కి దారి మూసేసుకుని గట్టిపడింది. పైన ఈమె దిమ్మె. దీనికి వెనక్కి దారి తెరిచే ఉంది, ఒక తొట్టెడు నీళ్ళంత దూరంలో. అయినా ఇది నిలబడింది. వెళ్ళలేక ఉండిపోవడం ఒక బలం. వెళ్ళగలిగీ ఉండటం ఇంకొకటి. రెండింటిలో ఏది గొప్పదో ఆయన తేల్చలేకపోయాడు. నలభై ఏళ్ళలో ఏదో ఒకటి తేల్చకుండా ఆయన భోజనానికి లేచింది అరుదు, ఆ పూట లేచాడు.

అన్నం తిని వచ్చి, మట్టి కుప్ప దగ్గర ఉన్న కూతురి పక్కన గొంతుకూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇందులో ఇసుక ఎంత కలుపుతావు?"

ఆమె చేతిలో పార ఆగింది. ఒక్క క్షణం ఆయన మొహం చూసి, మళ్ళీ మట్టి వైపు తిరిగింది. అది తర్వాత చెప్తానంది, ముందు పిడికెడు తీసి గట్టిగా ముద్ద చేసి భుజం ఎత్తు నుంచి నేల మీదికి వదలమంది. నాలుగైదు ముక్కలైతే తడి సరిపోయినట్టు.

ఆయన ముద్ద చేసి వదిలాడు. అది నేలను తాకి పొడిపొడిగా చెదిరిపోయింది.

"నీళ్ళు చాల్లేదు నాన్నా."

"నీళ్ళు చాల్లేదని నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు" అన్నాడు నిప్పు మేస్త్రి. చొక్కా చేతులు పైకి మడిచి, చెంబు అందుకున్నాడు.